మెత్తదనం పోయిన ఫీడింగ్ ట్యూబ్

మా ఆసుపత్రి కొనుగోలు విభాగానికి నేను పెట్టుకున్న విన్నపాల్లో ఒక్కదానికీ ఇంతవరకు జవాబు రాలేదు. ‘చూద్దాం’ అన్నవాళ్లెవరో, చదవకుండానే పక్కన పెట్టినవాళ్లెవరో నాకు బాగా గుర్తుంది. అందుకే సంగతేమిటో ఇక్కడ చెబుతున్నాను.

అది కరోనా తగ్గిన తర్వాతి చలికాలం. ఆదిలాబాద్‌లో ఒక ఆసుపత్రి నవజాత శిశువుల వార్డులో నేను స్టాఫ్ నర్సును. మగ నర్సులను అందరూ ‘బ్రదర్’ అంటారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు చప్పరించడం రాదు. ముక్కులోంచి పొట్టలోకి సన్నని ఫీడింగ్ ట్యూబ్ వేసి తల్లిపాలు పోస్తాం. మా దగ్గరి చలికి ఆ ట్యూబ్ బిగుసుకుపోతుంది. పసివాళ్ల ముక్కు గీసుకుపోకూడదని దాన్ని వేడినీళ్లలో ముంచి మెత్తబరిచాకే వేసేవాళ్లం. సీనియర్లు మాకు అలాగే నేర్పారు. మేం కొత్తవాళ్లకు నేర్పాం.

అప్పుడు సునంద కొడుకు మా వార్డులో ఉన్నాడు. ఆమె భర్త పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. నేను బాబుకు ట్యూబ్ మార్చబోతుంటే, కొత్తగా చేరిన పిల్లల డాక్టర్ శ్రీలత గారు నా చేతిలో గిన్నె చూశారు.

“వేడినీళ్లెందుకు బ్రదర్?”

“మెత్తబడుతది మేడమ్. చలికి పుల్ల లెక్క అయితది.”

అప్పుడే తీసిన పాత ట్యూబ్‌ను ఆమె వంచి చూశారు. వేసిన రోజుకంటే గట్టిగా ఉంది.

“వెచ్చటి పొట్టల ఉన్నది గూడ గట్టిపడ్డదేంది? దీని మెత్తదనం ఎటు పోయింది? ఇన్నేండ్లల్ల ఎవ్వలకూ అనుమానం రాలేదా?”

అందరి ముందూ అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు.

బాబుకు వేడినీళ్లలో ముంచకుండానే కొత్త ట్యూబ్ వేశాక, నన్ను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. ట్యూబులు చేసే పీవీసీ ప్లాస్టిక్ స్వతహాగా గట్టిది. మెత్తబడడానికి అందులో డీఈహెచ్‌పీ అనే రసాయనం కలుపుతారు. అది ప్లాస్టిక్‌లో నిలిచి ఉండదు. పాలలోని కొవ్వు తగిలినా, వేడి తగిలినా బయటికి ఊరి బిడ్డ పొట్టలోకి పోతుంది, ట్యూబ్ మళ్లీ గట్టిపడుతుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో వాటి మగ పిల్లల వృషణాల ఎదుగుదలను దెబ్బతీసిందట. మన పసివాళ్లకు ఎంత హాని చేస్తుందో తేలలేదు గానీ, వేరేది దొరికితే ఇది వద్దన్నారు. మేం జాలిపడి చేసిన పని ఆ రసాయనం ఇంకా తొందరగా ఊరడానికే పనికొచ్చిందన్నమాట.

ఈ మాటలు సునంద చెవిన పడ్డాయి.

“గా పైపు తీసెయ్యి అన్నా. నా కొడుకు కడుపులకు విషపు మందు పోతుందట గదా!”

“తీస్తే పాలెట్ల తాగుతడు చెల్లే? వానికి చప్పరించుడింకా రాలే. పాలు అందకుంటే పానానికే మోసం.”

“నీ కొడుకైతే ఉంచుతవా?”

“వేరే రకంది వచ్చేదాంక ఉంచుత.”

ఆమె కళ్లు తుడుచుకుంది. “నీ మాట మీద ఊకుంటున్న. రాకపోతే జూడు, నిన్ను దవాఖాన్ల తిరగనియ్య!”

వేరే రకం ట్యూబుల కోసం స్టోర్‌కు పరుగెత్తాను. స్టోర్ కీపర్ మల్లయ్య పగలబడి నవ్వాడు. “పెండ్లి చీరలు ఎంచినట్టు పైపులు ఎంచుతున్నవేందిరో! ఉన్నయి గివ్వే, తీస్కపో.” ఆ నవ్వు కూడా గుర్తుంది.

శ్రీలత గారు కరీంనగర్‌లోని స్నేహితురాలికి ఫోన్ చేశారు. మరుసటి రోజు బస్సులో సిలికాన్ ట్యూబులు వచ్చాయి. సిలికాన్‌ను మెత్తబరచడానికి ఏ రసాయనమూ అక్కర్లేదు. ముక్కులోకి వేస్తే బాబు కదలలేదు కూడా. కొన్ని వారాలకు ఉగ్గుగిన్నెతో పాలు తాగి, బరువు పెరిగి ఇంటికెళ్లాడు.

పదిమందిలో అడిగినా సరే, అడిగినందుకు ఆ డాక్టరమ్మకు రుణపడి ఉన్నాను. భయపడుతూనే ట్యూబ్ లాగేయకుండా నా మాట నమ్మిన సునందకు అంతకన్నా ఎక్కువ రుణపడ్డాను. మా వార్డులో వేడినీళ్ల గిన్నె మళ్లీ కనిపించలేదు. మంచి మనసుతో చేసే పనిని కూడా ఎందుకు చేస్తున్నామో అడగాలని ఆ బాబు వల్లే నేర్చుకున్నాను.

కానీ స్టోర్‌కు వచ్చేవి ఇప్పటికీ ఆ పీవీసీ ట్యూబులే. పసిపిల్లల వార్డుకు కొనే వాటిలో డీఈహెచ్‌పీ ఉండకూడదని ఒక్క షరతు పెట్టడానికి అడ్డేమిటి? ప్రతి బిడ్డకూ కరీంనగర్ బస్సు కోసం ఎదురుచూడాలా? ఇవాళ కూడా మా వార్డులో నెలలు నిండని పిల్లవాడొకడు ఉన్నాడు. వాడి తల్లికి నేనేం చెప్పాలో, కొనే అధికారం ఉన్నవాళ్లు ఇప్పుడైనా జవాబివ్వండి.