బీటవారిన జువ్వ

ఈ నాగుల చవితికి కూడా పక్కింటి నుంచి చిమ్మిలి వచ్చింది. నువ్వులూ బెల్లమూ దంచిన ఆ కమ్మటి వాసన ఇంట్లో ఉండగానే, టీవీలో ఏ దేశానిదో రాకెట్ లేచి, కాస్త ఎగిరి, పక్కకి ఒరిగి ముక్కలైపోయింది. గట్టిగా కూరిన మందు ఒకసారి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదనీ, అందులో సన్నటి బీట ఉన్నా మంట దూరి గొట్టాన్ని పగలగొడుతుందనీ ఎవరో నిపుణుడు చెబుతుంటే, వినలేక టీవీ కట్టేశాను.

పలాస దగ్గరి ఈ ఉద్దానం ఊళ్లోనే, నా చిన్నతనంలో, దీపావళి మందుసామాను చవితికి కూడా దాచేవాళ్లం. పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ తిని, చీకటి పడేసరికి వీధంతా మా పెదనాన్న చుట్టూ చేరేది. ఆయన నెల ముందునుంచే అరుగు మీద కూర్చుని, బొగ్గూ గంధకమూ సూరేకారమూ నూరి, కాగితం గొట్టాల్లో కూరి, కొబ్బరి ఈనెలు తోకలుగా కట్టి జువ్వలు చేసేవాడు. ఆయన జువ్వ ఏనాడూ దారి తప్పలేదని అందరూ చెప్పుకునేవారు, ఆ పొగడ్తంటే ఆయనకి ప్రాణం.

ఆ ఏడు ముసురు పట్టి జువ్వలు చెమ్మగిల్లాయి. నిదానంగా నీడన ఆరాల్సినవాటిని, చవితికి అందవన్న తొందరలో, జీడిపిక్కలు కాల్చే బట్టీ గోడకి ఆనించి ఒక్క పూటలో ఆరబెట్టాడు. పక్కింటి అప్పన్న మావది కొబ్బరాకుల పాక. ఈసారికి మానేయమని ఆయన బతిమాలితే, నా జువ్వ మీదే అనుమానమా అని పెదనాన్న నవ్వేశాడు.

మొదటిది తిన్నగా పోయింది. రెండోది కాస్త లేచి పేలి, నిప్పులు కక్కుతూ అడ్డంగా వెళ్లి పాక మీద పడింది. అందరూ వీధిలో ఉండబట్టి ప్రాణాలు దక్కాయిగానీ, ఇల్లు దక్కలేదు.

మర్నాడు పాక కప్పడానికి మేమంతా కొబ్బరాకులు మోసుకెళితే, అప్పన్న మావ భార్య కాలకుండా మిగిలిన ఇత్తడి డబ్బాలోంచి చిమ్మిలి ఉండలు తీసి అందరికీ పెట్టింది. మావ ఒక ఉండ పెదనాన్న చేతిలో ఉంచాడు.

"తిను బావా. తెలిసి సేసినావేటి?"

పెదనాన్న తల దించుకున్నాడు. "తెలిసే సేసినాను బావా. తట్టి సూత్తే బీట సప్పుడు ఇనబడింది. ఈదంతా సూత్తన్నారని ఎలిగించీసినాను."

అప్పన్న మావ వెనక్కి తిరిగి ఆకులు కట్టుకోసాగాడు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పిల్లలం మేం మాత్రం చేతులు నాక్కుంటూ తిన్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ తరవాత మా ఇంట సూరేకారం నూరలేదు. పెదనాన్న లేడు, మావా లేడు. పాక ఉన్నచోట డాబా లేచింది, జువ్వలు పలాస దుకాణాల్లో కొంటున్నారు. చిమ్మిలి మాత్రం ఏటా వస్తూనే ఉంది. ఇందాక అప్పన్న మావ కోడలు గిన్నె అందిస్తే రెండు చేతులా పుచ్చుకున్నాను గానీ, ఆమె మొహం చూడలేకపోయాను.