పూజలో పెట్టిన బిరడా

ఇక్కడ మా ట్రాయ్ ఊళ్లో వసంతం వచ్చిందని పక్కింటివాళ్లకి వాళ్ల పూలమొక్కలు చెబుతాయి. నాకు నా కడుపు చెబుతుంది. మార్చి నెలాఖరులో ఏదో ఒక శనివారం పొద్దున మా ఆయన కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి, ఇంక మంచు పడదనుకుంటా, కవర్ తీసేద్దామా అంటాడు. కవర్ అంటే చలికాలమంతా మా పడవ మీద కప్పి ఉంచే పట్టా. ఆ మాట చెవిన పడిన దగ్గర్నుంచీ నాకు కడుపులో తిప్పడం మొదలవుతుంది. పడవ నీళ్లలోకి దిగేదాకా తగ్గదు. దిగాక ఇంకాస్త ఎక్కువవుతుంది.

మాది ఇరవై రెండు అడుగుల తెరచాప పడవ. మా పెళ్లికన్నా పాతది. ఆరేళ్ల కిందట మా ఆయన, తన ఆఫీసులో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర కొన్నాడు. నన్ను అడిగే కొన్నాడు, అబద్ధం చెప్పకూడదు. ఎండాకాలంలో నాలుగు ఆదివారాలు తిరుగుతాం, అంతే అంటే సరేనన్నాను. ఆ నాలుగు ఆదివారాలు కాస్తా మే నుంచి అక్టోబరు దాకా ప్రతి శనాదివారాలూ అయ్యాయి. అప్పటికి పదకొండేళ్ల మా అమ్మాయి, రెండో ఏడాదికల్లా నాన్న చేతిలోంచి చుక్కాని లాక్కుంది. తండ్రీ కూతుళ్లు సెయింట్ క్లెయిర్ సరస్సు మీద తిరుగుతుంటే, నేను ఒడ్డున మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో పులిహోర డబ్బా, చేతిలో ఫోనూ పెట్టుకుని కూర్చునేదాన్ని. నాకు ఈత రాదు. ఇన్నేళ్లలో నేను ఆ పడవ ఎక్కింది అది నేల మీద ఉన్నప్పుడే.

పైగా నా ఉద్యోగం అలాంటిది. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో, ఏ భాగం ఎలా చెడిపోవచ్చో అది చెడిపోకముందే ఊహించి పట్టికలు రాస్తాను. జీతమిచ్చి మరీ భయపడమంటారు. ఇంటికొచ్చి అదే పని ఊరికే చేస్తాను. నాది చాదస్తమని ఇంట్లో ఇద్దరూ ఏకమై తేల్చేశారు. కాదని నేనూ అనను.

పోయిన సెప్టెంబరులో ఒక ఆదివారం, రెండు గంటల్లో వస్తామని వెళ్లినవాళ్లు మూడున్నర గంటలైనా రాలేదు. గాలి మారింది. ఒడ్డున కట్టేసిన పడవలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. ఫోన్ చేస్తే ఇద్దరివీ మోగడం లేదు. నేను కుర్చీలోంచి లేచి, నీళ్ల మీదికున్న డాక్ చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ వెళ్లి, ఎవరిని పిలవాలో తెలియక, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. చివరికి తెరచాప సగం దించుకుని మెల్లగా వచ్చారు. ఒడ్డుకి చేరేటప్పుడు వాడే చిన్న ఇంజన్ స్టార్ట్ కాలేదట, అంతేనట. మా అమ్మాయి జుట్టంతా తడిసి ముద్దయి, నవ్వుతూ తాడు విసిరింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడున్న నలుగురి ముందూ, వాళ్లకి అర్థం కాని తెలుగులో, నోటికొచ్చినట్టు తిట్టాను.

కార్లో ఇంటికి బయల్దేరాం. ఇంటి మలుపు దగ్గర నేనే నోరు తెరిచాను. వచ్చే వసంతంలో పడవ దించే రోజు ఒక్క తప్పు జరిగినా, ఎంత చిన్నదైనా సరే, పడవ అమ్మేద్దామన్నాను. మా ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. వెనక సీట్లోంచి మా అమ్మాయి అంది.

"ఓకే అమ్మా. డీల్. కానీ ఈసారి ప్రిపరేషన్ అంతా నేనే చేస్తాను."

తనకి అప్పటికి పదిహేడు నిండాయి. వచ్చే ఆగస్టులో కాలేజీకి వేరే రాష్ట్రం వెళ్లిపోతుంది. ఆ పడవ మీద తనకి మిగిలింది ఒక్క వేసవి. అది తెలిసే ఆ షరతు పెట్టాను. తెలిసే తను ఒప్పుకుంది.

అక్టోబరులో పడవని క్రేన్‌తో పైకి తీసి పడవల యార్డులో స్టాండ్ల మీద నిలబెట్టారు. పైకి తీయగానే అడుగున ఉన్న ఇత్తడి బిరడా విప్పేస్తారు, లోపల చేరే వాన నీళ్లు కారిపోవడానికి. చూస్తే బొటనవేలంత ఉంటుంది. వసంతంలో దాన్ని మళ్లీ సరిగా బిగించకపోతే అంత పడవా మునగాల్సిందే. మా ఆయన దాన్ని పోకుండా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

అప్పుడే దసరా వచ్చింది. ఆయుధపూజకి కార్లు రెండూ కడిగి బొట్లు పెట్టాం. లాప్‌టాప్‌లకి పెట్టాం. పడవకి పెట్టాలంటే నలభై నిమిషాలు డ్రైవ్ చేసి వెళ్లాలి. సాయంత్రం బొమ్మల కొలువుకి ఇరవై మంది వస్తున్నారు. పడవ తరఫున దాని బిరడాకి పూజ చేద్దామన్నది నేనే. పడవ మీద నాకు భక్తి లేదు గానీ భయం ఉంది, పూజకి అది చాలు. ఆరేళ్ల జిడ్డు పట్టి నల్లగా ఉన్నదాన్ని అమ్మవారి ముందు పెట్టబుద్ధి కాక, దీపపు కుందులతో పాటు చింతపండూ ఉప్పూ వేసి తోమాను. పాత టూత్‌బ్రష్ పెట్టి సందుసందునా రుద్దాను. కొత్తదానిలా మెరిసింది. పసుపు రాసి కుంకుమ పెట్టి, చలికాలమంతా పూజ అలమరలోనే ఉంచాను.

ఏప్రిల్ నుంచి మా అమ్మాయి నడుం కట్టింది. మా ఆయనకి నడుంనొప్పి, వంగొద్దని డాక్టర్ చెప్పడంతో ఆయన నిలబడి సలహాలిచ్చే పనికి పరిమితమయ్యాడు. నేను నలభై ఒక్క అంశాలతో ఒక లిస్ట్ రాసి ప్రింట్ తీసి ఇచ్చాను. మొదటిది, ఎర్ర అక్షరాల్లో, బిరడా బిగించడం. తను ఆ లిస్ట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ప్రతి శనివారం యార్డుకి తెచ్చేది. పడవ కింద వెల్లకిలా పడుకుని పాత రంగు గీకింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని కొత్త రంగు వేసింది. బ్యాటరీ చార్జ్ చేసింది, ఇంజన్ విప్పించి బాగుచేయించింది, లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటీ బకెట్ నీళ్లలో ముంచి చూసింది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే నేను ఫ్లాస్కులో టీ పట్టుకుని పక్కనే నిలబడి, తాళ్లు చూశావా, ఇంజన్ చూశావా అని అడిగిందే అడిగేదాన్ని. తను ఒక్కసారీ విసుక్కోలేదు. కవర్ మీద వేలు పెట్టి టిక్ చూపించేది. ఆ ఓపిక చూస్తే నాకు ఇంకా కంగారుగా ఉండేది. నిజం చెప్పాలంటే, ఏదో ఒకటి చిన్నగా తప్పిపోతే బాగుండునని ఆ నెలంతా లోలోపల అనుకున్నాను. ఎవరికీ దెబ్బ తగలకూడదు, పడవ మాత్రం పోవాలి. ఇది ఎవరితోనూ అనలేదు.

మే మొదటి శనివారం పొద్దున తొమ్మిదింటికి మా వంతు. పూజ అలమరలోంచి బిరడా నేనే తీసి మా అమ్మాయి చేతిలో పెట్టాను. యార్డులో తను పడవ కిందికి దూరి దాన్ని బిగించి, రెంచ్‌తో మరోసారి బిగించి, ఫోటో తీసి, మొదటి గడిలో టిక్ పెట్టింది. క్రేన్ అంటే అక్కడ నాలుగు పెద్ద చక్రాల మీద నడిచే ఉక్కు చట్రం. రెండు వెడల్పాటి పట్టీలతో పడవని కడుపు కింద నుంచి ఎత్తి, నీళ్ల మీదికి తీసుకెళ్లి దించుతుంది. పడవకి చక్రాలు లేవు కదా, నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలని మా ఆయన అడిగాడు. క్రేన్ నడిపే ముసలాయన విషయమేమిటని కనుక్కుని, నా చక్రాలున్నాయిగా, వాటికి పెట్టుకోండి అన్నాడు. నాలుగింటి కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాం. కొబ్బరికాయ సిమెంటు గట్టు మీద కొట్టాం. క్రేన్ కదిలింది, నిమ్మకాయలు చితికాయి, పడవ గాల్లో ఊగుతూ నీళ్ల మీదికి వెళ్లింది.

నీళ్లకి ఆనాక పట్టీలు వెంటనే తీయరు. లోపల తడి ఉందేమో చూసేదాకా పడవ వాటిలోనే వేలాడుతుంది. మా అమ్మాయి గట్టు మీంచి పడవలోకి దిగి అడుగు పలక ఎత్తింది. తల వంచి చాలాసేపు చూసింది. నేను గట్టు మీద నిలబడి తన వీపునే చూస్తున్నాను.

"వాటర్ వస్తుంది," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కువ నీళ్లు కావు, ఓ గ్లాసెడు. కానీ ఆగకుండా సన్నగా ఊరుతున్నాయట. ముసలాయన నిదానంగా పడవని మళ్లీ పైకెత్తి వెనక్కి తెచ్చాడు. మా అమ్మాయి కిందికి దూరి బిరడా విప్పి, అరచేతిలో పెట్టుకుని బయటికొచ్చింది. మొహం పాలిపోయింది. మా ఆయన, మర అరిగిపోయిందేమోలే అని ఏదో సర్దబోయాడు. తను వినిపించుకోలేదు.

"నేను టైట్ చేశాను నాన్నా. రెండుసార్లు చెక్ చేశాను. నేనే ఏదో మిస్ చేశాను." తర్వాత నా వైపు తిరిగింది. బిరడా ఉన్న అరచెయ్యి నా ముందుకి చాపింది. "ఓకే అమ్మా. డీల్ ఈజ్ డీల్."

నేను ఆ అరచేతిలోకి చూశాను. బిరడా మెడ చుట్టూ ఒక సన్నటి గాడి, తళతళ మెరుస్తోంది. ఆ గాడిని టూత్‌బ్రష్‌తో తోమింది నేను. తోమడానికి అందులో ఉన్న నల్లటి రబ్బరు వాషర్‌ని గోటితో లాగి తీసింది నేను. కడిగి మళ్లీ తొడుగుదామని సింకు పక్కన కిటికీ గట్టు మీద పెట్టాను. ఆ సాయంత్రం కొలువుకి అందరూ వచ్చే వేళకి సింకు పక్కనున్నదంతా హడావుడిగా ఊడ్చి చెత్తబుట్టలో వేశాను. ఏడు నెలల తర్వాత అదంతా ఒక్కసారిగా కళ్ల ముందు కనబడింది. రోజూ వాషర్ల మీద పట్టికలు రాసేదాన్ని. నలభై ఒక్క అంశాల్లో వాషర్ అన్న మాట ఎక్కడా రాయలేదు.

ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. మా ఆయన ఆ బిరడాని ఎప్పుడూ పట్టి చూసినవాడు కాదు, విప్పినప్పుడు జేబులో వేసుకోవడమే, ఇన్నాళ్లూ బిగించింది యార్డువాళ్లే. నేను నోరు మూసుకుంటే చాలు. పడవ పోతుంది, నా కడుపులో తిప్పడం పోతుంది, ఆగస్టు దాకా హాయిగా నిద్రపోతాను. తప్పు తనదేనని నమ్మి నా కూతురు కాలేజీకి వెళ్తుంది. ఇవన్నీ వరసగా అనుకునేంతసేపు నేను మాట్లాడకుండా నిలబడ్డాను. ఎంతసేపన్నది చెప్పలేను గానీ, ఆ కాసేపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నువ్వు కాదు. నేను," అన్నాను. "అందులో వాషర్ ఉండేది. దసరాకి తోముతూ నేనే తీసేశాను. మళ్లీ పెట్టలేదు."

ఇద్దరూ నన్నే చూశారు. మా ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు. ఆయనే ఇంగ్లిష్‌లో ముసలాయనకి సంగతంతా వివరించాడు, చింతపండుతో సహా. ముసలాయన తన గదిలోకి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చి, అందులో ఉన్న వాషర్లు ఒక్కొక్కటే గాడికి తొడిగి చూశాడు. మూడోది సరిపోయింది. బిరడా బిగించడం మర్చిపోయినవాళ్లని చాలామందిని చూశాను గానీ, శుభ్రం ఎక్కువై పడవ కారడం ఇదే చూడటం అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది.

"మరి డీల్?" అంది మా అమ్మాయి, నెమ్మదిగా.

"డీల్ నీ తప్పుల గురించి. ఇది నాది. పడవ ఉంటుంది."

తను నన్ను వాటేసుకుంటుందనుకున్నాను. వాటేసుకోలేదు. లిస్ట్ తీసి, నలభై ఒకటి కింద నలభై రెండు అని రాసి, వాషర్ అని ఇంగ్లిష్‌లో రాసి టిక్ పెట్టింది. తర్వాత ఒక లైఫ్ జాకెట్ తెచ్చి నా తల మీంచి వేసి, బకిల్స్ తనే బిగించింది.

"ఈసారి నువ్వే వచ్చి చూడు అమ్మా. నీ లిస్ట్ కదా."

పడవ మళ్లీ నీళ్లకి ఆనింది. ఒక చెయ్యి మా ఆయనకీ ఒక చెయ్యి మా అమ్మాయికీ ఇచ్చి పడవలోకి దిగాను. పలక ఎత్తిన చోట మోకాళ్ల మీద కూర్చుని, బిరడా ఉన్న చోట లోపలి నుంచి అరచెయ్యి ఆనించాను. కింద నీళ్లు కదలడం ఆ పలచటి అడుగులోంచి నాకు తెలుస్తోంది. పది నిమిషాలు ఆగి చూడాలని లిస్ట్‌లో నేనే రాశాను. తను ఫోన్లో టైమర్ పెట్టి పది నిమిషాలూ ఆగింది. మధ్యలో రెండుసార్లు తడి ఉందా అని అడిగింది. లేదన్నాను. చేతికి చెమట పట్టింది, అది నీళ్లు కాదని వాసన చూసి నిర్ధారించుకున్నాను. టైమర్ మోగింది. ముసలాయన పట్టీలు వదిలేశాడు. మా ఆయన పడవలోకి దిగాడు.

"అమ్మా, ఒడ్డున దిగిపోతావా?"

దిగాలనే ఉంది. కానీ చెయ్యి తీస్తే ఆ క్షణంలోనే నీళ్లొస్తాయేమోనన్న భయం దిగనివ్వలేదు. ఒడ్డున నా మడతకుర్చీ ఖాళీగా ఉంది. పులిహోర డబ్బా దాని కిందే ఉండిపోయింది. నేను తల ఎత్తకుండా, చెయ్యి తీయకుండా, "తడి లేదు. పోనియ్," అన్నాను.