అండీ వినపడినంతసేపూ

నా చిన్నప్పుడు ఒక ఏడాది మా ఊళ్లో ఎండాకాలం దాళ్వా పంట కోతలకి కూలీల కంటే ముందు పోలీసులు దిగారు. వ్యానులో వచ్చి మా బడిలో మకాం పెట్టారు. బడికి సెలవులిచ్చేశారని పిల్లలందరం సంబరపడ్డాం గానీ, ఆ సంబరం నాకు ఆ పూటతోనే పోయింది. సాయంత్రం మా నాన్నగారు అరుగు మీద కూర్చుని కొడవలికి పదును పెడుతుంటే, మా అమ్మ గుమ్మంలో నిలబడి, ఈ ఏడాదికి ఆ పొలం చెక్క వదిలేయకూడదా అని అడగడం విన్నాను. నాన్నగారు కొడవలి అంచు బొటనవేలితో చూసుకుని మళ్లీ నూరడం మొదలుపెట్టారు.

ఆ చెక్క కొల్లేటి అంచున ఉంది. ఆకివీడు అవతల మా పొలాలన్నీ అంతే, వానాకాలం నీళ్ల కింద, వేసవిలో మా చేతి కింద. కొల్లేరు పొంగినప్పుడల్లా ఒండ్రు పడి గట్లు కలిసిపోయేవి. నీళ్లు తీశాక ఎవరి గట్టు ఎక్కడుండేదో మా ఊరివాళ్లకి ఒకలా, డ్రెయిను అవతలి ఊరివాళ్లకి ఇంకోలా గుర్తుండేది. అంతకు ముందు ఏడాది కోతల్లో పెద్ద కొట్లాట జరిగి మా చిన్నాన్నకి కాలు విరిగింది. అది మళ్లీ తిన్నగా అతకలేదు. ఇప్పుడు నాన్నగారు వేసిన చేను పండి వాలిపోయి ఉంది. కోయకపోతే గింజ రాలిపోతుంది. కోయడానికి వెళ్లిన మనిషి ఎలా తిరిగొస్తాడో తెలియదు. అందుకే మాసూళ్లు అయ్యి ధాన్యం ఇల్లు చేరేదాకా రైతులకి కాపలాగా గవర్నమెంటువారు రిజర్వు పోలీసులని పంపారు.

వాళ్లకి పెద్ద ఒక హెడ్ కానిస్టేబులు, అందరూ హెడ్డుగారు అనేవారు. అనంతపురం వైపు మనిషి. ఆయన మంచివారే గానీ ఆయన మాట మా ఊళ్లో ఎవరికీ పడలేదు. వచ్చిన మర్నాడే మా నాన్నగారిని పట్టుకుని "ఏమప్పా, నీ చేను యాడ?" అనేశారు. వాళ్ల వైపు అది ఆప్యాయత. మా వైపు అది చెంపదెబ్బ. మా ప్రాణాలు కాపాడ్డానికి అంత దూరం నుంచి వచ్చినాయన నువ్వు అన్నాడని మా పెద్దలు మొహాలు ముడుచుకుని తిరిగారు. మావాళ్లు పంట పోయినా సర్దుకుంటారు గానీ మర్యాద పోతే మాత్రం అన్నం సయించదు.

మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, అవేం పట్టించుకోలేదు. రోజూ మజ్జిగ తిరగమోత పెట్టి బడికి పట్టుకెళ్లేది. గ్లాసులు పట్టుకుని నేను వెనకాల వెళ్లేదాన్ని. హెడ్డుగారు ఆమెని అవ్వా అని పిలిచేవారు. ఒకరోజు మజ్జిగ తాగి, గ్లాసు చేతిలోనే ఉంచుకుని తన బాధ చెప్పుకున్నారు. డ్రెయిను దగ్గర రెండు ఊళ్ల మనుషులు గొంతులు చించుకుంటుంటే ఈలలేసుకుంటూ తుపాకులతో పరిగెత్తారట. తీరా చూస్తే వాళ్లు తూము నీళ్ల సంగతి మామూలుగా మాట్లాడుకుంటున్నారట. తన దగ్గరున్న కానిస్టేబుళ్లందరూ కుర్రాళ్లు. ఎవడైనా కంగారుపడి తుపాకీ పేలిస్తే ఏం కాను అని ఆయన భయం.

"కొట్టుకునేదానికి వచ్చినోళ్లు గూడా అండీ అండీ అంటాండారు. యాడ నిజమో యాడ ఉత్తదో నాకెట్ల తెలిసేదవ్వా?" అన్నారు.

మామ్మ నవ్వలేదు. "అరుపులు వినకండి బాబూ. మాట చివర్న అండీ ఉందో లేదో వినండి. అది ఉన్నంతసేపూ మావాళ్లు చెయ్యెత్తరు. అది ఊడిపోయిందనుకోండి, అప్పుడు లేవండి" అంది. నేను అప్పటిదాకా అండీ అంటే పెద్దవాళ్లకి వెయ్యాల్సిన దండం లాంటిదనుకున్నాను. అది ఊడిపోతే మనుషులు చచ్చిపోతారని ఆ రోజే తెలిసింది. ఆ రాత్రి నాన్నగారి పక్కనే పడుకుంటానని పేచీ పెట్టాను.

మా చెక్క కోత రోజున అమ్మ క్యారేజీ సర్ది, పొలానికి వెళ్లి చూడలేనంటూ మామ్మ చేతికిచ్చేసింది. మామ్మే బయల్దేరి నన్ను తోడు తీసుకెళ్లింది. మేం వెళ్లేసరికి డ్రెయిను గట్టు పొడుగునా అవతలి ఊరివాళ్లు నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో కర్రలున్నాయి. వాళ్ల ముందు వాళ్ల పెద్దాయన. తగాదా రాకముందు మా ఇంట్లో శుభకార్యమైతే వడ్డన దగ్గర నిలబడేవారు ఆయన. ఇటు మా నాన్నగారు చేలో, చేతిలో కొడవలి. ఇద్దరూ ఉన్నంత గొంతుతో అరుచుకుంటున్నారు.

ఆ తుమ్మ మొద్దు మా హద్దండీ, అది దాటి కొడవలి వేస్తే బాగుండదండీ అని ఆయన. వేస్తే ఏం చేస్తారేంటండీ అని ఈయన. మీ తాతగారి హయాంలో ఇది మా నీళ్లేనండీ అని ఆయన. మీ తాతగారినే లేపి అడగండి అని ఈయన. ఒక కుర్ర కానిస్టేబులు తుపాకీ పైకెత్తాడు. హెడ్డుగారు గొట్టం మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి దించారు. తల కొంచెం పక్కకి వంచి వింటున్నారు. మామ్మ పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకున్నాను. కాదు, తనూ వింటోంది. నేనూ వినడం మొదలుపెట్టాను. ఒక్కో మాటా మొదలవగానే గుండె ఆగేది, చివర్న అండీ పడగానే మళ్లీ కొట్టుకునేది.

అప్పుడు పెద్దాయన వెనక నుంచి ఒక కుర్రాడు ముందుకి తోసుకొచ్చి మా నాన్నగారితో, "ఏరా, పైకి ఎక్కుతావా, మమ్మల్ని దిగమంటావా?" అన్నాడు.

అరుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నాన్నగారి పిడికిలి కొడవలి మీద బిగుసుకుంది. ఆయన మొహం నాకు కొత్తగా కనపడింది. మామ్మ నా చెయ్యి నొక్కిన నొక్కుకి గాజు గుచ్చుకుని రక్తం వచ్చిందని ఇంటికి వెళ్లాక గానీ చూసుకోలేదు.

హెడ్డుగారు తన తుపాకీ పక్కవాడి చేతికిచ్చేశారు. బూట్లతోనే బురదలోకి దిగి, ఇద్దరి మధ్యా నిలబడ్డారు. కొడవలి లేస్తే ముందు తగిలేది ఆయనకే. నాన్నగారి వైపు చూసి, "కొడవలి కింద పెట్టప్పా అండీ" అన్నారు. కుర్రాడి వైపు తిరిగి, "నువ్వు గూడా వెనక్కి పో అండీ" అన్నారు.

అప్పా, అండీ ఒక్క మాటలో ఉండటం మా కొల్లేటి గాలి ఎన్నడూ విని ఉండదు. కోత కూలీల్లో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. అది ఇటు నుంచి గట్టు మీదికి పాకింది. పెద్దాయన మాత్రం నవ్వకుండా కుర్రాడి వైపు తిరిగి, "మన మాట రాని హెడ్డుగారే అండీ అంటున్నారు. నీకు అమ్మ ఒళ్లో వచ్చింది కదా, ఎక్కడ పారేసుకున్నావ్?" అన్నారు. కుర్రాడు తల దించుకున్నాడు. పెద్దాయన మా నాన్నగారిని చూసి, కుర్రాడు మాట జారాడండీ అన్నారు. నాన్నగారు కుర్రాడి వైపు ఒకసారి చూసి, పర్లేదండీ అని కొడవలి కింద పెట్టారు.

తగాదా తీరిపోయిందని చెప్పను. ఆ తర్వాత సర్వేవారు వచ్చారు, గొలుసులు లాగారు, మళ్లీ మళ్లీ వచ్చారు. ఆ రోజుకి మాత్రం తుమ్మ మొద్దు దాకా కోసి, పనలు కట్టి కుప్ప వేసేదాకా పోలీసులు గట్టు మీద నిలబడ్డారు. నాన్నగారు తన కాళ్ల మీద తను నడిచి ఇంటికొచ్చారు. అమ్మ ఆయనకి అన్నం పెట్టి, ఆయన తినడం చూసి, అప్పుడు ఏడ్చింది. కోతలయ్యాక వ్యాను ఎక్కుతూ హెడ్డుగారు "పోయొస్తా అవ్వా అండీ" అన్నారు. తప్పని ఎవరూ దిద్దలేదు.

అండీ అన్నవాళ్లంతా మంచివాళ్లని మామ్మ నాకు నేర్పలేదు. అండీ అంటూనే గట్లు తెంపినవాళ్లనీ, కేసులు పెట్టినవాళ్లనీ చూశాను. మనిషికి వెనక్కి తిరగడానికి ఇంకా కాస్త దారి ఉందని ఆ మాట చెబుతుంది, అంతే. ఆ కాస్త దారి కోసమే చెవి రిక్కించుకుని ఇన్నేళ్లు బతికాను.

ఇప్పుడు ఆ చెక్క చేపల చెరువు. మా అబ్బాయి చేస్తున్నాడు. ఈ ఏడు మళ్లీ గట్టు తగాదా, మళ్లీ అక్కడ పోలీసుల టెంటు. మొన్న పొద్దున వాడితో ఫోనులో మాట్లాడుతుంటే ఉన్నట్టుండి అటువైపు అరుపులు మొదలయ్యాయి. వాడు ఫోను కట్టెయ్యడం మర్చిపోయి జేబులో పడేసుకున్నాడు. నేను ఫోను చెవికి నొక్కి పెట్టుకుని నిలబడ్డాను. మాటలు తెలియడం లేదు. కాసేపటికి ఆ గోలలో మా వాడి గొంతు దొరికింది, చివర్న అండీ ఉంది. అవతలి గొంతు కోసం వెతికాను. దానికీ ఉంది. అప్పుడు కుర్చీలో కూర్చున్నాను గానీ, ఫోను మాత్రం చెవి దగ్గర నుంచి తియ్యలేదు.