రిమ్ముకు పెట్టిన బొట్లు

గుడి ఆఫీసులో పనిచేసే సుదర్శనం కొత్త పెన్నుకైనా బొట్టు పెట్టందే సంతకం చేయడు. యాభై దాటాక, పొట్ట తగ్గించుకోవాలని, ఏర్పేడులో చదువు ముగించుకుని వెళ్లిపోతున్న ఓ కుర్రాడి దగ్గర పాత రేసు సైకిలు కొన్నాడు. వారం తిరక్కుండానే ముందు టైరు పంచరయింది. ఆ రకం టైర్లలో ట్యూబును లోపలే పెట్టి కుట్టేసి, టైరును రిమ్ముకు జిగురుతో అతికిస్తారు. పంచర్ల మునస్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి నోరే లేదు సామీ! నేను యాడ చెయ్యి పెట్టేది?"

ఇక సుదర్శనమే ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకున్నాడు. పాత టైరు పీకి, రిమ్ము తుడిచి, జిగురు పూసి ఆరబెట్టి, మళ్లీ పూసి, చేతులు బొబ్బలెక్కేలా కొత్త టైరును లాగి ఎక్కించాడు. మర్నాడు అలిపిరి దగ్గర మలుపు తిరగ్గానే టైరు రిమ్మును వదిలేసింది. ఆయన పోయి ముళ్లకంపలో పడ్డాడు.

ఇంటికొచ్చి జిగురునూ, వీడియోనూ, అది తీసినవాడి వంశాన్నీ తిట్టిపోశాడు. భార్య వకుళ ఊడిన టైరును తిరగేసి చూసింది. జిగురు నిండా పసుపూ కుంకుమే.

"రిమ్ముకు బొట్లు పెట్టినారా? పొడి మీద జిగురెట్ల అంటుతాదండీ?"

"కొత్త టైరు గదే! ఒట్టి రిమ్ముకు ఎట్ల ఎక్కించేది?"

రెండోసారి ఒట్టి రిమ్ముకే ఎక్కించాడు. తెల్లారి బయల్దేరబోతుంటే వకుళ కుంకుమ భరిణెతో వాకిట్లోకి వచ్చింది. సుదర్శనం ఒక్క గెంతులో చక్రానికి అడ్డం నిలబడి, తన నుదురు ముందుకు వంచాడు.

"నాకు పెట్టు, ఎంతైనా పెట్టు. దాని జోలికి పోయినావంటే ఊరుకోను!"