విన్నది ఎక్కడికి పోతుంది

నారాయణగూడ ప్రెస్సులో ముప్పై ఏళ్లు సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి. నా చదువంతా ఆ పేర్చిన పుస్తకాలదే. అందుకే అచ్చులో అబద్ధం కనబడితే ఒళ్లు మండుతుంది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం సాగుతున్న రోజులు. బంద్ లేకపోతే చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లేవాణ్ణి. ఆవరణలో చెట్టు కింద, అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండే ఒక అమ్మాయి గైడు పైకి చదివి బట్టీ పట్టేది. గ్రూప్ వన్ రాయడానికి వయసు లెక్కన ఆమెకదే చివరిసారి. ఒకరోజు చెవిన పడింది: "బౌద్ధ మతమున విజ్ఞాన పరిణామము అనగా పాలు పెరుగుగా మారుట వంటిది."

"తప్పు బిడ్డా! అది సాంఖ్య దర్శనమోళ్ల మాట" అన్నాను. "పాల లెక్క లోపల అదే ఉండి పైకి మారే వస్తువే లేదంటరు బౌద్ధులు. విజ్ఞానమంటే ఎరుక. ఒక క్షణం ఎరుక ఆరిపోతది, దాని జాడ పట్టుకొని ఇంకోటి పుడ్తది. చూసింది, విన్నది అడుగున విత్తనమై పడి ఉంటది. అదనుకు మొలుస్తది. నేను, నేను అంటున్నవే, అది గూడ గా మొలకనే."

ఆమెకు నచ్చింది. కోచింగ్ పరీక్షలో అదే రాసింది. వారానికి ఎర్రసిరా కాగితం నా ముందు పెట్టింది.

"నీ బౌద్ధులు నన్ను ముంచిన్రు తాతా. సారు సున్న పెట్టిండు. దిద్దెటోళ్ల దగ్గర గూడ గీ గైడే ఉంటదట."

"వాడు గాడిద!"

"గాడిదనే. మార్కులు గాడిద చేతిలనే ఉన్నయి గదా."

ఆనాటి నుంచి రోజూ గైడు వాక్యమే. లేచిపోవచ్చు కదా, పోలేదు. పళ్లు కొరుకుతూ ఎదురుగా కూర్చుని విన్నాను. పరీక్ష వాయిదా పడింది, మళ్లీ పడింది. ఎండలు పోయి వానలొచ్చాయి. ఆమె కళ్ల కింద నలుపు దిగింది. తిన్నావా అని అడిగితే "తినుట అనగా..." అని మొదలుపెట్టి ఆగిపోయేది. నవ్వేది కాదు.

పరీక్షకు ముందురోజు గైడు మూసి వచ్చింది.

"అబద్ధం రాసి నౌకరి తెచ్చుకుంటే రేపు గా అబద్ధమే నేనైత తాతా. సున్న వస్తే రానీ. నిజమే రాస్త. గప్పుడు చెప్పినవ్ గదా, జర మళ్ల చెప్పు."

పెన్ను మూత తీసింది. నాకు గుండె నిండింది. గొంతు సవరించుకుని నోరు తెరిచాను. గైడు వాక్యం వచ్చింది, 'అనగా'తో సహా, ఎక్కడా తడబడకుండా. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే.

"తాతా?"

జ్ఞాపకంలో వెనక్కి వెతికాను. ఏ పుస్తకంలో ఏ పేజీ పేర్చానో చెప్పగలిగిన నాకు, నేనే చెప్పిన నాలుగు మాటలు దొరకలేదు. ఆమె నా మొహం వంక చూస్తూ కొంచెం వెనక్కి జరిగింది. తర్వాత పెన్నుకు మూత పెట్టి, గైడు తెరిచింది.