చేపల మంచు, ప్రెసిడెంటు గారి పటం

ఒట్టు. మా కొట్లో చింతపండు బస్తా మీద చెయ్యేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. బరంపురంలో నన్నెరిగినవాళ్ళు అప్పుడే నవ్వుతుంటారు. నవ్వనీండి.

నా మాట బొత్తిగా నమ్మని మనిషి ఒకడుండేవాడు. పొలసర నుంచి వచ్చిన ఒడియా అతను, మా వార్డుకి శానిటరీ ఇన్‌స్పెక్టరు. సాయంత్రం డ్యూటీ దిగాక నా కొట్లో కూర్చుని టీ తాగుతూ, మా దగ్గరే నేర్చిన తెలుగులో నా కథలకి అడ్డుప్రశ్నలు వేసేవాడు. ఆర్యపల్లిలో మా మామ పట్టిన చేప కడుపులో ఇంకో వల ఉందనీ, ఆ వలలో ఇంకో చేప బతికే ఉందనీ ఒకసారి చెప్పాను.

"అబద్ధం ఎంత, భాయి?"

"సగవే."

"ఏ సగం?"

"మావ నిజం."

అతను నవ్వితే గ్లాసులో టీ ఒలికేది.

చాలా ఏళ్ళ కిందట ఒక వేసవి, అమ్మవారి యాత్రకి ముందు, షర్బత్ బళ్ళలో వేసే మంచు ఎక్కడిదా అని ఆరా తీశాడు. రంభ ఊరి నుంచి వచ్చే చేపల పెట్టెల్లో వేసే గడ్డలే అవి. నోట్లో పోసుకోదగని నీళ్ళతో చేసినవి. ఐసు ఫ్యాక్టరీకి తాళం వేశాడు. వర్తకులంతా మా సంఘం ప్రెసిడెంటు గారి దగ్గరికి పరుగెత్తారు. పెద్దాయన నా కొట్టుకే వచ్చి అతన్ని పట్టుకున్నారు.

"ఏటి బాబూ, మంచుగడ్డకి కూడా కులముందేటి? సేపలకొకటీ మనకొకటీనా?"

"సేపకి కడుపునొప్పి రాదు బాబూ. సచ్చిపోనాది గదా."

అందరం నవ్వాం. ప్రెసిడెంటు గారూ నవ్వారు. ఆ నవ్వుతోనే ఇంటికెళ్ళి, భువనేశ్వర్‌లో ఉన్న నాయకుడికి ఫోన్ చేశారు. మర్నాటికి తాళం ఊడింది. ఆ వారమే నా స్నేహితుణ్ణి కొరాపుట్ కొండల్లోకి బదిలీ చేశారు.

యాత్ర సగంలో ఉండగా మా వీధుల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. పక్కింటి దోసెల అవ్వ దక్కలేదు. ప్రెసిడెంటు గారు సొంత వ్యానులో రోగుల్ని ఆసుపత్రికి చేరవేశారు, కక్కుకుంటున్న పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని మరీ. అదీ నా కళ్ళతో చూశాను.

ఈ ఏడు ఆయన పోయారు. సంఘం హాల్లో పటం పెట్టే సభలో నన్ను మాట్లాడమన్నారు. సెక్రటరీ నాకు వరసకి బావ, ముందే చెవిలో వేశాడు.

"వేను సంగతి సెప్పు బావా. మంచు ఊసెత్తకు. పోయినోల్ల మీద సెడ్డ ఏటి సెప్తావు?"

ఎత్తకపోతే నా స్నేహితుడు మా ఊళ్ళో అసలు పనిచేయనట్టే. రెండూ చెప్పాను. ఎప్పుడూ లేనిది, ఎవరూ నవ్వలేదు.

"ఈడి నోట నిజం ఎప్పుడొచ్చిందేటి? కూకోబెట్టండి!" అని ఒకాయన అరిచాడు. కుర్చీలు కదిలాయి. అప్పుడు ప్రెసిడెంటు గారి కొడుకు లేచాడు.

"ఫోను సేసిన మాట నిజివే. నంబరు కలిపింది నానే."

హాలు చల్లబడింది. పటం పెట్టారు. దండ నేనూ వేశాను. వెనక బెంచీ మీంచి, తల నెరిసిన నా స్నేహితుడు నెమ్మదిగా లేచి వచ్చాడు. పటం కేసి చాలాసేపు చూసి నా భుజం మీద చెయ్యేశాడు.

"మంచోడే భాయి. ఆ వేను అవసరం రాకుండా సూసుంటే ఇంకా మంచోడు."

ఇదొక్కటే నేను కల్పించింది. అతను రాలేదు. ఆ మాట నాదే. అతని నోట వినాలనిపించి అక్కడ పెట్టాను. వెళ్ళిన కొత్తలో ఫోన్ చేసేవాడు. తర్వాత ఆ నంబరు మోగడం మానేసింది. రిటైరై సొంతూరు పొలసర వచ్చేశాడని కొందరంటారు, కొండల్లోనే పోయాడని కొందరు. పొలసర బస్సు రోజూ మా కొట్టు ముందు నుంచే పోతుంది. ఇంతవరకూ ఎక్కలేదు. అక్కడ దిగితే ఎవరో ఒకరు నిజం చెప్పేస్తారు.