కుక్క మూతి వాచిన రోజు

అడగ్గా అడగ్గా దొరికిన ఒక్క సెలవునూ కుక్క టీకాకు పెట్టాల్సి వచ్చింది. నాది వికారాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం. పొద్దున్నే తాండూరులో రైలెక్కితే మళ్లీ ఇల్లు చేరేది చీకటి పడ్డాకే. ఆ ఒక్కరోజైనా కంటినిండా నిద్రపోదామనుకున్నాను. ఇంతలో మా వీధిలో ఏదో ఊరకుక్క ఎవరినో కరిచింది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు గానీ, అందరి కళ్లూ మా కుక్క మీద పడ్డాయి. మా ఆయన నాపరాళ్ల లారీతో దూరం వెళ్లాడు. ఇక మిగిలింది నేనూ, మా అత్తమ్మా.

కుక్క అత్తమ్మది. ఆమె పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్య బతికిన మనిషి. మంద పోయాక ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేటప్పుడు ఒక గొంగడి, ఈ కుక్క, ఇంతే తెచ్చుకుంది. మందకు మూతివాపు రోగం తగిలిందని తెలుసు. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఈ కుక్కకు వేళకు అన్నం పెట్టేది నేను. అయినా నా మాట చెవిన పెట్టదు. ఆమె గొంతు సవరించుకుంటే చాలు, లేచి నిలబడుతుంది. నాకు కొంచెం కుళ్లు కూడా ఉండేది.

పశువుల దవాఖానలో మేకల వెనక వరుసలో నిలబడి టీకా వేయించాం. "ఓ అరగంట ఈడనె కూసోండ్రి. ఏమన్న తేడా వస్తె ఎరుకైతది" అన్నాడు డాక్టరు. కూర్చున్నాం. ఏ తేడా రాలేదు. ఇంటికొచ్చి నేను నడుం వాల్చానో లేదో, "బిడ్డా, జర ఇటు రా" అని అత్తమ్మ పిలిచింది.

కుక్క మూతి ఉబ్బిపోయి ఉంది. పెదవులు వేలాడుతున్నాయి, కళ్లు సగం మూసుకుపోయాయి. ముఖాన్ని గోడకేసి రుద్దుకుంటోంది. తిన్నదంతా కక్కేసింది. నిజం చెప్పాలంటే నాకు ముందు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క సెలవూ గంగలో కలిసిందని. భయం ఆ తర్వాత వచ్చింది.

అత్తమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని, "మూతివాపు" అంది.

వాకిట్లోకి వెళ్లి డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన అప్పటికే ఏదో ఊళ్లో క్యాంపుకు వెళ్లిపోయాడట. "టీకా పడకపోతె కొన్నిటికి గట్లైతదమ్మా. దమ్ము మంచిగ తీసుకుంటున్నదా? నోరు తెరిచి నాలుక జూడు. నీలంగ గిట్ల అయ్యిందా?" అని అడిగాడు.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని లోపలికి వచ్చేసరికి కుక్క చెవి అంచు నుంచి నెత్తురు కారుతోంది. అత్తమ్మ చేతిలో బ్లేడు. గొర్రె ముఖం వాస్తే చెవి కోసి నెత్తురు తీస్తారు, విషం దిగిపోతుందని గొర్రెల కాపరుల నమ్మకం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

"కుక్కకు గొర్రె వైద్యమేంది అత్తమ్మా" అన్నాను విసుగ్గా.

"నాకొచ్చిన వైద్యం గదే బిడ్డా" అంది.

"దాని నాలుక చూడమంటున్నడు డాక్టరు. నీలమైందేమో చూడు."

ఆమె చెయ్యి కుక్క మూతి దాకా వెళ్లి ఆగిపోయింది. తల అటు తిప్పుకుంది. నేనే నోరు తెరిచి చూశాను. "ఎర్రగనే ఉన్నదత్తమ్మా" అంటే నమ్మలేదు. వికారాబాద్‌లో కుక్కల డాక్టరు ఉన్నాడని, తాను ఆయనకు ఫోన్ చేసి చెబుతానని, ఆలస్యం చేయొద్దని చెప్పి డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

సెలవు పెట్టిన రోజు కూడా నేను వికారాబాద్ వెళ్లక తప్పదని రాసి ఉన్నట్టుంది. చెవికి పాత చీరముక్క కట్టి ఆటో మాట్లాడాం. అత్తమ్మ కుక్క తలను ఒళ్లో పెట్టుకుని, దాని డొక్కల మీద చెయ్యి వేసి ఊపిరి చూసుకుంటూ కూర్చుంది. తాండూరు దాటాక, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది.

"ఆ యేడు సూదులేసెటోల్లు మా ఊరికొచ్చిండ్రు. నేను మందను తోలుకోని కోట్‌పల్లి అడివి దిక్కు వోయిన. చూడి గొర్లుండె. సూదేస్తె కడుపులు వోతయనుకున్న. వాల్లు ఎల్లిపోయిండ్రన్నంకనే తిరిగొచ్చిన." ఒక చేత్తో కుక్క చెవి కట్టు సర్దింది. "మల్ల వానలు వడ్డయి. ఒక్కొక్కదానికి మూతులు వాసినయి. నాలుకలు నీలమైనయి."

ఆమె చెయ్యి కుక్క డొక్కల మీదే ఉంది.

వికారాబాద్ డాక్టరు రెండు సూదులు వేశాడు. "చెవికేమైంది?" అని అడిగాడు. "కంప గీరుకుంది సార్" అన్నాను. అత్తమ్మ నావైపు చూసి మళ్లీ నేలచూపులు చూసింది. ఇద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. గోడకు తల ఆనించి నేను కునుకు తీశాను.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. కుక్క కళ్లు తెరిచి చూస్తోంది. పెదవులు మామూలుగా అయ్యాయి, మూతి దాని మూతిలాగే ఉంది. నాకు ఎంత సంతోషమేసిందంటే, నా మాట ఎన్నడూ వినని ఆ కుక్కను ముద్దు పెట్టుకున్నాను. వచ్చే ఏడాది ముందొక మందు ఇచ్చి ఆ తర్వాత టీకా వేద్దామని, మానేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"దిగిపోయిందత్తమ్మా, ఇంక ఇంటికి పోదాం" అన్నాను. ఆమె లేవలేదు. కుక్క మూతిని రెండు చేతులతో పట్టుకుని నిమురుతోంది.

"గీ వాపు ఒక్క పూటదేనా బిడ్డా?"

"ఒక్క పూటదే."

"సూది ఏపిస్తె నా గొర్లకు గుడ గింతనే అవుతుండె గావచ్చు" అంది. "ఒకటో రెండో కడుపులు వోతుండె. కడమయన్ని బతుకుతుండె."

బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. నేను మళ్లీ ఆమె పక్కన కూర్చున్నాను.